పూడ్చిన గుంట

మా నాయన దొంగ అని గురజాల కోర్టు తేల్చింది. ఆయన దొంగిలించింది ఒక నాపబండ. మా అమ్మ గోరీకి తలాపున పెట్టడానికి మా ఊరి బీడులోంచి తీసుకున్నాడు. పై కోర్టుకు పోలేదు. కాబట్టి కాగితాల ప్రకారం ఆయన ఇవాళ్టికీ దొంగే. ఎవరితోనైనా ఈ సంగతి చెబితే, "పోనీలేమ్మా, పాతమాట" అంటారు. పాతమాటే. పోనివ్వడం నాకు ఇష్టం లేదు.

మా ఊరు మాచర్ల నుంచి గురజాల వచ్చే దారికి కాస్త లోపలగా ఉంటుంది. మేము దూదేకులవాళ్ళం. దూది ఏకే పని మా తాతతోనే పోయింది. నాయన రాతిపనిలో పడ్డాడు. ఊరికి పడమట రాళ్ళబీడు అని ఉండేది. పైన మూరెడు మన్ను, దాని కింద పొరలు పొరలుగా నాపరాయి. గునపం మొన సందులో పెట్టి తెలిసినవాడు లేపితే బండ ఎక్కడా విరక్కుండా వస్తుంది. మా ఊళ్ళో గోడలు, ఇళ్ళ కప్పులు, అరుగులు, గొడ్లచావిట్లో నేల, అన్నీ ఆ బీడులోంచి వచ్చినవే.

దానికొక కట్టుబాటు ఉండేది. సొంత అవసరానికి ఎవరైనా తీసుకోవచ్చు. అమ్మకూడదు. తీసినవాడు గుంట పూడ్చాలి. అందులో కూడా ఒక వరస ఉంది. తవ్వేముందే పైమన్ను ఎత్తి ఒక పక్కన పోసుకోవాలి. రాయి తీశాక చిల్లరాళ్ళు అడుగున వేసి, వాటి మీద కిందిమట్టి పోసి, అన్నిటికన్నా పైన మళ్ళీ ఆ పైమన్నే పరవాలి. మొదటి వానకే గడ్డి మొలవాలి. రెండో ఏటికి గుంట ఎక్కడ తీశాడో తీసినవాడే పోల్చుకోలేకపోవాలి. అది పశువులు మేసే నేల. పూడ్చని గుంటలో పడితే గొడ్డు కాలు విరుగుతుంది. మా ఊళ్ళో చేసిన మేలు మరచినవాణ్ణి "గుంట పూడ్చని మనిషి" అనేవారు. సంబంధం చూడ్డానికి పోయి, "వాళ్ళు గుంట పూడ్చని మనుషులంటమ్మా" అని విని, మంచినీళ్ళు కూడా తాగకుండా తిరిగొచ్చినవాళ్ళను నేనెరుగుదును.

అదంతా బంగారు కాలమని చెప్పబోవడం లేదు. ఊరి చివర మాల మాదిగ పల్లెలవాళ్ళకు బీడులో తూర్పు అంచు ఒక్కటే వదిలారు. అక్కడ రాయి పలచన. లేపితే ముక్కలవుతుంది. ఆ అన్యాయం మా ఊరు సొంతంగా చేసింది, ఏ దొరా వచ్చి నేర్పలేదు.

గోరీల సంగతి కూడా చెప్పాలి. మా ఆడవాళ్ళు గోరీల దొడ్డిలోకి అడుగుపెట్టరు. ముళ్ళకంచెకు ఇవతల, బాట మీదే నిలబడతారు. రాయి మీద పేరు చెక్కే అలవాటు మాకు లేదు. ఒక్కో ఇంటివాళ్ళు తలాపు బండ పైకొసను ఒక్కో తీరుగా కొడతారు. ఒకరిది గుండ్రంగా ఉంటుంది, ఒకరిది కోసుగా ఉంటుంది. మా ఇంటిదానికి కుడి మూల తీసేసి ఉంటుంది. పెద్దల పండగనాడు బాట మీద నిలబడి చూస్తే ఎవరి మనిషి ఎక్కడ పడుకున్నాడో తెలిసేది. మగవాళ్ళు లోపలికి పోగలరు, చేత్తో తాకగలరు. వాళ్ళకు రాయి ఉన్నా లేకపోయినా గడుస్తుంది. మాకు ఉన్న దారల్లా ఆ రాయే.

కరణాల ఉద్యోగాలు తీసేసి, తాలూకాల స్థానంలో మండలాలు వచ్చిన రోజులవి. నేను మాచర్లలో ఒక బళ్ళో సోషల్ చెబుతున్నాను. ఊళ్ళో దండోరా వేశారు. రాళ్ళబీడును రాయి తవ్వుకోవడానికి ఒక కాంట్రాక్టరుకు లీజుకిస్తున్నారు, అభ్యంతరాలుంటే ఆఫీసరు వచ్చినప్పుడు చెప్పుకోవాలి అని. ఆ రోజు నేనూ శెలవు పెట్టి వచ్చాను. ఆఫీసరు జీపు దిగి, చేతిరుమాలు నెత్తిన వేసుకుని, బీడంతా ఒకసారి చూశాడు.

"మీరు ఇక్కడ రాయి తీసుకుంటారంటున్నారు. ఎక్కడయ్యా తీసింది?"

మా ఎదురింటి రైతు ముందుకొచ్చాడు. పంచాయతీ మెంబరు, నేను పెదనాన్నా అని పిలిచే మనిషి. కండువా సర్దుకుని, "ఎక్కడేంది సారూ, మీరు నిలబడ్డ కాడ కూడా తీశాం" అన్నాడు.

ఆఫీసరు కాళ్ళకింద చూసుకున్నాడు. "గడ్డి ఉంది గదయ్యా."

"ఉండదా మరి? పూడ్చాం గదా. మా ఊళ్ళో గుంట తీసినట్టు ఆనవాలుంటే వాడికి పరువు తక్కువ. ఎతకండి, మీకొక్క గుంట కనపడితే నా మీసం తీయించుకుంటా."

జనం నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. "నీ మీసానికేం భయం లేదులే పెద్దాయనా" అన్నాడు. తరవాత బంట్రోతు పట్టుకున్న అట్ట మీద కాగితం పెట్టి రాసుకున్నాడు. తవ్విన జాడలు లేవు, ఎవరి వినియోగంలోనూ లేని ప్రభుత్వ బంజరు అని రాసుకున్నట్టు తరవాత తెలిసింది. మా పెదనాన్న ఆ సాయంత్రం ఊళ్ళో కాలరెత్తుకు తిరిగాడు, ఆఫీసరు తన మాటకు నవ్వాడని.

నాకు చదివే జబ్బు ఉంది. నరసరావుపేటలో ట్రైనింగు చేసినప్పుడు అక్కడి గ్రంథాలయంలో పాత జిల్లా పుస్తకాలు, భూమిశిస్తు చరిత్రలు ఉండేవి, ఎవరూ ముట్టనివి. లీజు మాట విన్నాక మళ్ళీ పోయి వాటిని తిరగేశాను. కంపెనీ దొరలు, వాళ్ళ తరవాత రాణీగారి దొరలు మా సీమకు నేల కొలిచే గొలుసులు పట్టుకుని వచ్చినప్పుడు ప్రతి చెక్క నేల దగ్గరా అడిగింది ఒకటే ప్రశ్న: దీనికి శిస్తు ఎవరు కడతారు? కట్టేవాడు కనబడితే పట్టా అతనిది. కనబడకపోతే సర్కారుది. బీడు దగ్గర కూడా అడిగే ఉంటారు. మావాళ్ళు "అందరిదీ" అనే చెప్పి ఉంటారు. అందరిదీ అనే జవాబును వాళ్ళు ఎవరిదీ కాదు అని రాసుకున్నారు. ఎవరిదీ కానిది రాజుది.

అది తెలియక చేసిన పొరపాటని కొందరు పెద్దమనుషులు రాశారు. నేను నమ్మను. తమ దేశంలో ఊరుమ్మడి బీళ్ళకు కంచెలు వేసి, అక్కడ గొర్రెలు కాసుకునే పేదవాళ్ళను వెళ్ళగొట్టి వచ్చిన జాతి అది. ఉమ్మడి అంటే ఏమిటో వాళ్ళకు బాగా తెలుసు. అంతకు ముందు మమ్మల్నేలిన నవాబులూ జమీందార్లూ ధర్మాత్ములు కారు. పంటలో సగం ఊడ్చుకుపోయారు, ఇవ్వనివాణ్ణి ఎండలో నిలబెట్టారు. కానీ పండనిదాన్ని వాళ్ళు వదిలేశారు. పండనిదాన్ని కూడా రాసుకుని పోవాలన్న బుద్ధి దొరలకే పుట్టింది.

దొరలు పోయారు. నాకు అసలు కోపం ఆ తరవాతి కథ మీద. స్వరాజ్యం వచ్చాక ఏలినవాళ్ళు ఆ మాటను అలాగే ఉంచుకున్నారు. రాణీగారి బంజరు ప్రభుత్వ బంజరయింది. ఒక్క ఊరికైనా వచ్చి, "ఇది మీ దగ్గర తీసుకున్నారు, ఇదిగో తీసుకోండి" అనలేదు. దొంగసొత్తును వారసత్వమని దాచుకున్నారు. నేనేమో మాచర్లలో పిల్లలకు, ప్రభుత్వ ఆస్తి ప్రజలందరి ఆస్తి అని పాఠం చెబుతున్నాను. పుస్తకంలో అలాగే ఉంది.

లీజు వచ్చాక బీడు నడుమ రేకుల షెడ్డు వేశారు. కంప్రెసరు మోత మొదలైంది. పశువులు వేరే దారి పట్టాయి. పడమటి చివర మటుకు ఇంకా పని మొదలుపెట్టలేదు.

ఆ ఎండాకాలం మా అమ్మ కామెర్లతో పోయింది. ఆకుపసరు పోయించాం, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం, రెండిటికీ లొంగలేదు. దాని గురించి ఎక్కువ రాయను. మగవాళ్ళు మోసుకుపోయారు. నేను బాట మీద కంచె పక్కన నిలబడ్డాను. మనుషుల వీపులు తప్ప ఏమీ కనపడలేదు. ఇంటికొచ్చాక నాయన నాతో అన్న మొదటి మాట, "నలభయ్యో దినానికి రాయి పెడతా. నీకు బాట మీదికి అగపడేటట్టు కొంచెం ఎత్తుగా పెడతా" అని.

ముప్పై ఏళ్ళు ఊరందరి ఇళ్ళకూ రాయి కొట్టిన మనిషి. తన భార్యకు ఏ రాయి తియ్యాలో ఆయనకు ముందే తెలిసినట్టుంది. పొద్దున్నే గునపం భుజాన వేసుకుని పడమటి చివరకు పోయాడు. పట్టపగలు, అందరూ చూస్తుండగా. లీజు సంగతి తెలీక కాదు. లీజు అమ్ముకునేవాళ్ళకు అని, ఇంటి అవసరం ఇంటి అవసరమే అని ఆయన లెక్క. బండ తీశాడు. అక్కడే కూర్చుని కుడి మూల కొట్టాడు. తరవాత గుంట పూడ్చడం మొదలుపెట్టాడు. పైమన్ను పరిచి కాలితో అదుముతుంటే కాంట్రాక్టరు గుమాస్తా, వాచ్‌మనూ వచ్చారు. నేను అప్పుడే సద్దన్నం గిన్నె పట్టుకుని అక్కడికి పోయాను.

"ఏంది ముసలాయనా, ఎవర్నడిగి తీశావు?"

"ఎవర్నడగాల? మా ఆడమనిషి గోరీకి."

"అడగాలిగా. గవర్నమెంటు రాయి ఇది."

నాయన బండ వంక చూశాడు. "గవర్నమెంటుకు ఎవరు పోయార్రా?" అన్నాడు.

వాచ్‌మన్ మా ఊరివాడే. నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. గుమాస్తాకు ఆ నవ్వు ఎక్కడో తగిలింది. అది లేకపోతే రాయి వదిలేసేవాడేమో, ఇప్పటికీ అనుకుంటాను. మధ్యాహ్నానికి హెడ్డు కానిస్టేబులు వచ్చాడు. బండను ట్రాక్టరెక్కించారు. గునపం కూడా తీసుకున్నారు. నాయన అడ్డం పోలేదు. ట్రాక్టరు కదులుతుంటే మటుకు వెనకాల నడుస్తూ, "ఒరేయ్, నిలువునా పెట్టండిరా. పడుకోబెడితే కుదుపుకు పగిలిద్ది" అని కేకేశాడు.

నలభయ్యో దినం రాయి లేకుండా గడిచింది. ఫాతెహా చదివి, అన్నాలు పెట్టి పంపించాం. చుట్టాల్లో ఒకావిడ, "ఏమే, రాయి పెట్టలేదంటగా" అని నన్నడిగింది. కేసులో ఉందని చెప్పాను. ఆవిడకు అర్థం కాలేదు. నాకు మాత్రం ఏం అర్థమయింది?

గురజాలలో వకీలు మంచివాడే. చెప్పాల్సింది సూటిగా చెప్పాడు. "తప్పయిందని ఒప్పుకో పెద్దాయనా. నీ వయసు చూసి చిన్న జరిమానాతో పోతుంది. ఒక్క పూటలో అయిపోద్ది."

"ఏం తప్పయిందనాల?"

"రాయి దొంగతనంగా తీశానని."

"రాయి తీశాననమంటే అంటా. ఆ రెండోమాట నేననను."

"రెండూ ఒకటేనయ్యా చట్టానికి."

"నాక్కాదు."

నేను కూడా ఒప్పుకొమ్మనే చెప్పాను. బండ త్వరగా చేతికొస్తుందనుకున్నాను. "అమ్మ తలాపున దొంగరాయి పెట్టమంటావా?" అన్నాడు. 

వాయిదాలు నడిచాయి. నేను శెలవులు పెట్టుకుంటూ వచ్చాను. కోర్టు వరండాలో నాయన తుండుగుడ్డ పరుచుకుని కూర్చుని, ఆ కట్టడానికి వాడిన రాయి ఏ ఊరిదో చూసేవాడు. చివరికి విచారణ రోజు వచ్చింది. సర్కారు తరపు ప్లీడరు వయసులో చిన్నవాడు. తెల్ల చొక్కా బాగా ఇస్త్రీ చేసుంది.

"రాయి నువ్వే తీశావా?"

"నేనే."

"తీశాక గుంట ఏం చేశావు?"

నాయన నిటారుగా నిలబడ్డాడు. ఎవరైనా ఆ సంగతి అడగాలని ఎదురుచూసినట్టు. "పూడ్చానండి. ఎట్టుండేదో అట్టా చేశాను. కావాలంటే ఎవర్నయినా పంపి చూపించుకోండి, గుంట ఎక్కడో చెప్పలేరు."

ప్లీడరు మేజిస్ట్రేటు వైపు తిరిగాడు. ఆయన కళ్ళజోడు మీదుగా చూసి రాసుకున్నాడు. మా వకీలు తల దించుకున్నాడు. నాకు అప్పుడు తెలిసింది ఏం జరిగిందో.

"గుంట ఎందుకు పూడ్చావు?"

"పూడ్చకపోతే గొడ్డు కాలు ఇరుగుద్ది గదండీ."

"ఎవరికీ కనపడకూడదని పూడ్చావు. అవునా కాదా?"

"కనపడకూడదనే గదండీ పూడ్చేది!"

మా తరపున సాక్ష్యానికి మా పెదనాన్న వచ్చాడు. చలవచేసిన పంచె కట్టుకుని, మీసాలకు నూనె రాసుకుని బోనెక్కాడు. మా వకీలు ఆయన్ని కట్టుబాటు గురించి చెప్పమంటే, ఆయన నాయన పనితనం గురించి చెప్పాడు. "చానా బాగా పూడ్చాడు సార్. మా ఊళ్ళో అంత సుబ్బరంగా పూడ్చేవాడు ఇంకోడు లేడు. చిన్నప్పటి నుంచీ అంతే." కోర్టులో నవ్వులు. నా పక్కనున్న బంట్రోతు కూడా నవ్వాడు. అందరూ కలిసి ఆ ఇద్దరినీ ముంచుతుంటే, ఆ ఇద్దరూ తమ మర్యాదను కాపాడుకుంటున్నామనుకుంటున్నారు. నేను లేచి అరవాల్సింది. కోర్టులో అరవకూడదని చదువుకున్నదాన్ని.

తీర్పు ఇంగ్లీషులో ఉంది. వకీలు తెలుగులో చెప్పాడు. ప్రభుత్వ భూమిలోంచి అనుమతి లేకుండా రాయి తీసినట్టు ముద్దాయే ఒప్పుకున్నాడు. తీసిన జాడ మాపడం వల్ల దురుద్దేశం కూడా రుజువయింది. ఊరి ఆచారం అనేదానికి ఆధారం లేదు, ఆ భూమిలో ఎన్నడైనా తవ్వినట్టు రెవెన్యూవాళ్ళకు ఆనవాళ్ళే కనపడలేదు. అంటే, పూడ్చడం వల్ల ఊరికి హక్కు లేదు. పూడ్చడం వల్లే నాయన దొంగ. ఒకే మంచిపని మీద రెండు శిక్షలు.

ముసలితనం, భార్య పోయిన దుఃఖం చూసి మేజిస్ట్రేటు దయ తలిచాడు. జరిమానా, కోర్టు లేచేదాకా ఖైదు. అంటే సాయంత్రం కోర్టు మూసేదాకా ఆ హాల్లో మూల బెంచీ మీద కూర్చోవాలి. ఆయన చెడ్డమనిషి కాదు. బంట్రోతుతో మంచినీళ్ళు కూడా ఇప్పించాడు. చెడ్డమనిషయితే నేను ఆయన్ని తిట్టుకుని ఊరుకునేదాన్ని. మంచివాళ్ళు కూర్చుని మర్యాదగా నడిపే అన్యాయాన్ని ఎవర్ని తిట్టాలి?

తీర్పు చివర సొత్తు సంగతి ఉంది. బండను ప్రభుత్వానికి అప్పగించాలి. గునపం ముద్దాయికి తిరిగివ్వాలి. గునపం మాది, రాయి వాళ్ళది. సాయంత్రం నాయన గునపం భుజాన వేసుకుని బస్సెక్కాడు. కండక్టరు, "ఏంది తాతా, కోర్టును తవ్వొచ్చావా?" అన్నాడు. నాయన నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

కాంట్రాక్టరు డిపోలో బండలు అమ్ముతున్నారు, ఒకటి కొందామన్నాను. కొననన్నాడు. "దాని కింద మీ అమ్మకు నిద్రపట్టదు" అన్నాడు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తరవాత సంవత్సరం ఏదో సర్టిఫికెట్టు కోసం మండలాఫీసుకు పోయాను. వరండా చివర మంచినీళ్ళ డ్రమ్ము కింద, నీళ్ళు ఒలికి బురద కాకుండా ఒక నాపబండ వేసుంది. కుడి మూల తీసేసి ఉంది. సంతకం కోసం వచ్చినవాళ్ళంతా దాని మీద నిలబడి నీళ్ళు తాగి, గ్లాసు కడిగి, కాళ్ళ మీద పోసుకుంటున్నారు. ఆఫీసు గుమాస్తానడిగితే, "ఎవరో దొంగరాయి తోలితే పట్టుకున్నార్లేమ్మా" అన్నాడు. కోర్టు కాగితం తెచ్చి అర్జీ పెట్టాను. ప్రభుత్వానికి దఖలుపడింది, తిరిగిచ్చే వీలులేదన్నారు. డబ్బు కడతానన్నాను. అమ్మే అధికారం కూడా తమకు లేదన్నారు. ఆ రాయిని తొక్కే అధికారం మాత్రం అందరికీ ఉంది. ప్రజలందరి ఆస్తి.

నాయనతో చెప్పాను. "సమంగా కూర్చుందా? ఊగట్లా?" అని అడిగాడు. ఊగట్లేదని చెప్పాను. "అయితే కింద ఇసక పోసుంటారు" అన్నాడు.

రెండేళ్ళకు ఆయనా పోయాడు. గోరీ ఆ గునపంతోనే తవ్వారు. ఆయనకూ రాయి లేదు. పూడ్చేటప్పుడు ముందు కిందిమట్టి, పైన పైమన్ను వేశారట. తమ్ముడి వరస అబ్బాయి వచ్చి చెప్పాడు, నేను ఊరడిల్లుతానని. మొదటి వానకు గడ్డి మొలిచింది. ఇప్పుడు బాట మీద నిలబడి చూస్తే అమ్మ ఎక్కడో, నాయన ఎక్కడో నేను చెప్పలేను. మిగతా అందరి రాళ్ళూ కనపడతాయి.

కాంట్రాక్టరు రాయి అయిపోయేదాకా తవ్వుకుని వెళ్ళిపోయాడు. రాళ్ళబీడు ఉన్నచోట ఇప్పుడు పెద్ద గొయ్యి ఉంది. వానాకాలం నిండుతుంది. మా పెదనాన్న బర్రె అందులోనే పడి చచ్చింది. ఎవరి మీద కేసు పెట్టాలో ఆయనకు తెలియలేదు. గొయ్యి అంచున రెవెన్యూవాళ్ళు ఒక బోర్డు పాతారు: ఇది ప్రభుత్వ భూమి, ఆక్రమించినవారు శిక్షార్హులు. ఎవరిదో తేలిపోయింది గనక, వచ్చి పూడ్చమని ఏటా ఒక అర్జీ పెడుతున్నాను. ఇంతవరకు జవాబు రాలేదు.